కాటా మీద కొయ్య మేకులు

సైన్యంలో ఇరవై నాలుగేళ్ళు పనిచేశానని చెబితే వినేవాళ్ళు ముందు తుపాకి గురించి అడుగుతారు. నేను తుపాకి పట్టుకున్న రోజులు ఏడాదికి పది దాటవు. అవి కూడా గురి పరీక్ష రోజులే. మిగిలిన రోజుల్లో నా చేతిలో ఉన్నది ఒక పెన్సిలు, గట్టి అట్ట పుస్తకం. నేను సామాన్ల లెక్క మనిషిని. నలభై నాలుగో ఏట హవల్దారుగా బయటికి వచ్చి, నాన్న కట్టుకున్న ఇంట్లోనే భిలాయిలో ఉంటున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వెళ్ళేవాళ్ళకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. ఏ ఏడు ఏ పదవి, ఏ పట్టీ వచ్చింది, ఏ ఫారం ఎన్ని ప్రతులు నింపాలి లాంటివి ఇందులో ఉండవు. అవి వెళ్ళిన వారంలోనే నేర్పేస్తారు. ఎవరూ నేర్పని ఒక సంగతి ఉంది. అది నేను చేసిన తప్పు వల్ల తెలిసింది, దాని నష్టం ఇంకొకరు భరించారు.

వెనక ఉండేవాళ్ళు

సరిహద్దులో ఒక మనిషి కాపలా నిలబడాలంటే వెనక చాలామంది కదలాలి. అతని పిండి, పప్పు ఒక దళం తెస్తుంది. బూట్లు, దుప్పట్లు ఇంకో దళం ఇస్తుంది. లారీలు నడిపేవాళ్ళు వేరు, చెడితే బాగుచేసేవాళ్ళు వేరు. గాయమైతే చూసేవాళ్ళు, ఉత్తరం అందించేవాళ్ళు, కంచరగాడిదలకు మేత చూసేవాళ్ళు కూడా సైనికులే. పాటల్లో మేము ఉండం. ముందువాళ్ళు మమ్మల్ని తోక అని ఎగతాళి చేస్తారు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత తెలిసింది, తోక తప్పుచేస్తే తలకే తెలియదని. మా పనిలో ప్రమాదం అదే.

మా డిపో భిలాయి పక్కన చరోదా రైల్వే యార్డు దాటాక, పక్క లైను చివర ఉండేది. అందులో ఉన్నవి శిబిరం సామాన్లు. గుడారాలు, వాటి వాసాలు, తాళ్ళు, టార్పాలిన్లు, మడత మంచాలు, నీళ్ళ డబ్బాలు. పాతవాళ్ళు చెప్పేదాని ప్రకారం, ఉక్కు ప్లాంటు రాకముందు అక్కడ సైనికుల రైళ్ళు ఆగి నీళ్ళు పట్టుకునే ఖాళీ మైదానం ఉండేదట. కొళాయి ఉంది కాబట్టి వంటశాల వచ్చింది. వంటశాల ఉంది కాబట్టి రేకుల షెడ్డు వచ్చింది. తర్వాత ఉక్కు వచ్చింది, రైలు మార్గాలు పెరిగాయి, ఒక షెడ్డు తొమ్మిది షెడ్లయింది. సైనిక స్థావరాలు చాలావరకు ఇలాగే పుడతాయి. ఎక్కడ నీళ్ళుంటే అక్కడ ఆగుతారు, ఆగినచోట సామాను దించుతారు, దించినదానికి ఒక కాపలా మనిషి కావాలి. చివరికి గేటూ, జెండా, మాలాంటి లెక్క మనిషీ వస్తారు.

మా సరుకు యుద్ధానికే కాదు. వరదలొస్తే జిల్లా అధికారులు గుడారాలు అడిగి తీసుకునేవారు. వానలు తగ్గాక తిరిగి పంపేవారు. నా కథ ఆ తిరిగి వచ్చిన సరుకుతోనే.

ముందు ఒక చిన్న సంగతి. నేను కొత్తలో వేరే చోట పనిచేసేటప్పుడు కొండమీది దళానికి నలభై గుడారాలు పంపాను. పుస్తకంలో నలభై, లారీలో నలభై. అక్కణ్ణుంచి కెప్టెను కబురు పంపాడు: "గుడ్డ అందింది, కప్పుకుని పడుకున్నాం." నడిమి వాసాన్ని కలిపే ఇనుప గొట్టాలు నేను వెయ్యలేదు. పుస్తకంలో గుడారం ఒకటి. నేల మీద అది గుడ్డ, వాసాలు, తాళ్ళు, మేకులు, సుత్తి. పుస్తకంలో ఉన్న ఒకటి నేల మీద ఒకటి కాదని అప్పుడు తెలిసింది. తెలిసిందనుకున్నాను.

ఉక్కు ఊరి తెలివి

నేను చదివింది పదో తరగతి. లెక్కలు నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి ప్లాంటులో సరుకు పంపే చోట కాటా దగ్గర పనిచేసేవారు. ఆయన అన్నం తింటూ చెప్పిన అంకెలు విని నేర్చుకున్నాను. ఫలానా కడ్డీ మీటరు ఇంత బరువు, వ్యాగనులో ఇంత బరువుంటే కడ్డీలు ఇన్ని. కడ్డీలను ఎవరూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు. తూస్తారు, భాగిస్తారు, అయిపోతుంది. భిలాయిలో పుట్టిన పిల్లలకు ఇది నడకతో పాటు వస్తుంది.

తొంభైల మొదట్లో నాకు ఈ డిపోకు బదిలీ అయింది. సొంత ఊరు. అప్పటికి నాకు లెక్కల మనిషి అని పేరొచ్చింది. మా మేజరు గారు చురుకైనవారు, ఉత్తరాది మనిషి, ఏ పనైనా ఇంకా త్వరగా ఎందుకు కాదని అడిగేవారు. ఆయన నన్ను "హిసాబీ", అంటే లెక్కలవాడా, అని పిలిచేవారు. ఆ పిలుపు నాకు బాగుండేది. అంత బాగుండకపోయి ఉంటే బాగుండేది.

గుడారం తాళ్ళు కట్టడానికి నేలలో దిగ్గొట్టే కొయ్య మేకులను మా దగ్గర ఖూంటాలనేవారు. పెద్దవి, చిన్నవి రెండు రకాలు. వాటిని లెక్కపెట్టేది సింహాచలం. శ్రీకాకుళం వైపు మనిషి, నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. అప్పటికి పదకొండు వానాకాలాలుగా డిపోలో రోజు కూలీ. చేతికి రెండేసి, రెండు చేతులతో నాలుగు తీసి వేసేవాడు. నాలుగింటిని పుంజీ అంటారు అతని ఊళ్ళో. అయిదు పుంజీలు ఒక కట్ట. ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టేవాడు.

"లాభమేటి సింహాచలం, గవర్నమెంటు మేకులకి?" అని నేను ఏడిపించేవాణ్ణి.

"గవర్నమెంటుకి లాభం వొద్దేటి బాబూ? పోనీండి, నాకొస్తాదిలెండి" అనేవాడు.

ఆ ఏడు ఆగస్టులో వరద శిబిరాల నుంచి రెండు వ్యాగన్ల మేకులు వచ్చాయి. బురద, కలగాపులగం, కాగితంలో సంఖ్య లేదు. కడిగి, వేరుచేసి, కట్టలు కట్టి లెక్కపెట్టాలంటే నలుగురికి రెండు రోజులు. షెడ్డు ఖాళీ కావాలి, ఇంకో సరుకు లైనులో ఉంది.

నేను మే నెలలోనే ఒక ఉపాయం సిద్ధం చేసుకున్నాను. చిన్న మేకులు వంద తూస్తే ఎంత, పెద్దవి వంద తూస్తే ఎంత అని పదేసి సార్లు తూచి సగటు తీసి ఉంచాను. చిన్నవి వందకు అరవై కిలోలు. కడిగి ఆరబెట్టిన మేకుల్ని కాటా మీద పెట్టి, భాగించాను. ఒక పూటలో పని అయింది. చిన్నవి నాలుగువేల తొమ్మిదివందల యాభై, పెద్దవి రెండువేల నాలుగువందల ఇరవై అని పుస్తకంలో రాశాను.

మా సుబేదారు తివారీ గారు, వయసు మళ్ళిన మనిషి, పక్కన నిలబడి చూశారు. "లకడీ హై, లోహా నహీఁ" అన్నారు. కొయ్యరా, ఇనుము కాదు అని. ఒకసారి చేత్తో లెక్కపెట్టించు అన్నారు. పాతకాలం మనిషి అనుకున్నాను. మేజరు గారు నా పద్ధతి గురించి మిగతా డిపోలకు ఉత్తరం రాశారు.

ఆరువందల డెబ్బై ఒకటి

మరుసటి ఏప్రిలులో తనిఖీ బృందం వచ్చింది. వాళ్ళది వేరే డిపో. వాళ్ళు తూచలేదు, చేత్తో లెక్కపెట్టించారు. చిన్నవి నాలుగువందల యాభై మూడు తక్కువ. పెద్దవి రెండువందల పద్దెనిమిది తక్కువ. మొత్తం ఆరువందల డెబ్బై ఒకటి.

సామాను తక్కువైతే మూడే దారులు. లెక్క తప్పు, లేదా పంపడంలో తప్పు, లేదా దొంగతనం. పంపినవి ఏమీ లేవు. లెక్క నాది, దానికి మేజరు గారి ఉత్తరం ఉంది. కాబట్టి మూడోదే మిగిలింది. ఈ తీర్మానం ఎవరూ పైకి అనలేదు. గదిలో ఉన్నవాళ్ళందరం అక్కడికి వచ్చేశాం.

మేకుల పని సింహాచలానిది, అతని గుడిసె కూడా పక్క లైనుకు అవతలే ఉండేది. అతని భార్య పైడమ్మ కట్టెల పొయ్యి మీద వండేది. విరిగిన మేకుల్ని కూలీలు పొయ్యిలోకి పట్టుకెళ్ళడం మా డిపోలో ఎక్కడా రాసిలేని అలవాటు. గేటు దగ్గర కాపలా సిపాయి సంచి చూసి పంపేవాడు. నేనూ చూసేవాణ్ణి. వెతకడానికి వెళ్ళినవాళ్ళకు పొయ్యి పక్కన పద్నాలుగు విరిగిన ముక్కలు కనిపించాయి.

మేజరు గారి గదిలో సింహాచలానికి నన్ను దుబాసీగా నిలబెట్టారు. అతనికి బజారు హిందీ వచ్చు, కుర్చీ ముందు ఆ నాలుగు ముక్కలూ పోయాయి.

"ఎన్ని పట్టుకెళ్ళావని అడుగుతున్నారు" అన్నాను.

"ఎన్నేటి బాబూ? ఇరిగిపోయినవి కదేటి. అందరం పట్టుకెల్తాం. మీరూ సూసేరు కదా?"

నేను మేజరు గారి వైపు తిరిగి, "కుఛ్ లే గయా, బోల్ రహా హై సాబ్" అన్నాను. కొన్ని తీసుకెళ్ళాడంటున్నాడు అని. విరిగినవి అన్న మాట వదిలేశాను. అందరూ అన్న మాట, మీరూ చూశారు అన్న మాట కూడా వదిలేశాను. అప్పుడు పొడుగ్గా చెప్పడం ఎందుకనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, వదిలేసిన మూడు మాటలే అతని జవాబు మొత్తం.

బయటికి తీసుకొచ్చి వరండాలో నచ్చజెప్పాను. "చూడు, సాబ్ మంచోడు. తీసేను, తప్పయిపోయింది అనేస్తే మాఫ్ చేసేస్తారు. కాదని మొండికేస్తే పోలీసు కేసవుతుంది."

"తియ్యనిది తీసేనని ఎలాగనడం బాబూ?"

"ముక్కలు ఇంట్లో దొరికేయి కదా."

"మీరు సెప్తే అంటాను. మీరు మనవైపోళ్ళు. నాకు సెడ్డ సెయ్యరు కదా."

వాంగ్మూలం హిందీలో నేనే రాశాను. వేలిముద్ర వేశాడు. మేజరు గారు నిజంగానే పోలీసులకు చెప్పలేదు. కానీ ఆ ఏడు కూలీల్లో ముగ్గురిని పర్మినెంటు చెయ్యడానికి ఒక జాబితా తయారవుతోంది. అందులో సింహాచలం రెండోవాడు. పర్మినెంటంటే చిన్న క్వార్టరు, ఆస్పత్రి, ముసలితనంలో పెన్షను. అతని పేరు మీద అడ్డగీత పడింది. మర్నాటి నుంచి పనికి పిలవలేదు. జాబితా ఆగస్టులో పైకి వెళ్ళాలి.

ఒక లెక్క చెప్తాను. ఆరువందల డెబ్బై ఒక్క మేకులు నాలుగువందల కిలోల పైమాటే. గేటులో సంచి చూస్తారు. సంచిలో పట్టేవి నాలుగో అయిదో. అంటే నూట ముప్పై రోజులకు పైగా, రోజూ, కాపలా సిపాయి చూస్తూ ఉండగా మంచి మేకులు పట్టుకెళ్ళాలి. సరుకు వచ్చింది ఆగస్టులో, సింహాచలానికి పని ఉన్నది అక్టోబరు దాకా, మళ్ళీ తనిఖీ ముందు పది రోజులు. అతనికి అన్ని రోజులే లేవు. ఈ కూడిక, భాగహారం చెయ్యడానికి రెండు నిమిషాలు చాలు. డిపో మొత్తంలో హిసాబీ అని పేరున్నది నాకు. ఆ ఒక్క లెక్క నేను వెయ్యలేదు.

జూలై

వానలు పట్టాక, జూలైలో ఒక దళానికి చిన్న మేకులు వంద పంపాల్సి వచ్చింది. తివారీ గారు తూకం ఒప్పుకోలేదు, చేత్తో లెక్కపెట్టించారు. వంద అయ్యాక నేను ఊరికే వాటిని కాటా మీద పెట్టాను. అరవై రావాలి. అరవై ఆరు వచ్చింది.

కాటా చెడిందనుకున్నాను. ఇనుప తూనికరాళ్ళు పెట్టి చూశాను. కాటా సరిగ్గా ఉంది. మళ్ళీ లెక్కపెట్టాను. వందే. అప్పుడు చేత్తో ఒక మేకు పట్టుకున్నాను. చల్లగా ఉంది. భిలాయి మే నెలలో ఎండి బెండైన కొయ్య, వానలు పట్టినప్పటి నుంచి గాలిలో తేమ తాగింది. పైకి తడి లేదు, లోపల బరువు ఉంది. ప్లాంటు కడ్డీ మే నెలలో ఎంతో ఆగస్టులో అంతే. నేను కొయ్యను కడ్డీ అనుకున్నాను. అరవైతో భాగించాల్సింది కాదు, అరవై ఆరుతో భాగించాలి.

అట్ట పుస్తకం తెరిచాను. నాలుగువేల తొమ్మిదివందల యాభైలో పదకొండో వంతు నాలుగువందల యాభై. రెండువేల నాలుగువందల ఇరవైలో పదకొండో వంతు రెండువందల ఇరవై. తక్కువైనవి నాలుగువందల యాభై మూడు, రెండువందల పద్దెనిమిది. ఏ దొంగా చిన్నవాటిలో పదకొండో వంతు, పెద్దవాటిలో పదకొండో వంతు కొలుచుకుని తీసుకుపోడు. మేకులు ఏవీ పోలేదు. మొదటి నుంచీ అవి లేవు. వాటిని పుట్టించింది నేను.

తివారీ గారికి చెప్పాను. ఆయన తిట్టలేదు. "కల్ నహీఁ. ఆజ్ జావో" అన్నారు. రేపు కాదు, ఈరోజే వెళ్ళు అని.

వెళ్ళాను. మేజరు గారి గదిలో ఇంకో డిపో నుంచి వచ్చిన అధికారి కూర్చున్నారు. ఆయనకు తూకం పద్ధతే చూపిస్తున్నారు. "ఆవో హిసాబీ" అన్నారు మేజరు గారు నవ్వుతూ. సెల్యూట్ చేసి, తర్వాత వస్తానని వచ్చేశాను. అప్పుడు నా పేరు నాయబ్ సుబేదారు పదవికి వెళ్ళి ఉంది. పదవుల సంగతి రాయనన్నాను, ఇక్కడ రాయక తప్పదు. నేను నోరు మూసుకోవడానికి కారణాల్లో అది ఒకటి. రెండోది ఇంకా చిన్నది. హిసాబీ అన్న పిలుపు పోతుందని.

వారం చూసి తివారీ గారే వెళ్ళి చెప్పారు. మేజరు గారు నన్ను పిలిపించి అడిగారు. నిజమేనా, తూకంలో తేడా వస్తుందా అని. చెప్పడానికి అంతకంటే తేలిక సమయం ఉండదు. నేను అన్న మాట ఇది: "ఒక్క తూకంతో తేల్చలేం సర్. ఇంకో కాలం చూడాలి."

అంకెలు తెలిసినవాడు అబద్ధం ఇలాగే చెబుతాడు. జాగ్రత్తగా ఉన్నట్టు కనిపిస్తాడు. మేజరు గారు తల ఊపారు. జాబితా ఆగస్టులో సింహాచలం పేరు లేకుండా పైకి పోయింది. ఆ తర్వాత తివారీ గారు నాతో పని మాటలే మాట్లాడారు. నాకు ఆ పదవి కూడా రాలేదు. వచ్చి ఉంటే ఇది రాసేవాణ్ణో లేదో, నిజం చెప్పాలంటే తెలియదు.

కొత్తగా చేరేవాళ్ళకు నేను చెప్పగలిగినది ఇంతే. తూకం చెడ్డది కాదు, భాగహారం చెడ్డది కాదు. తక్కువ వచ్చిన రోజున ముందు మీ లెక్కను అనుమానించండి, తర్వాతే మనిషిని. మీ లెక్క తప్పని తెలిస్తే ఆ పూటే చెప్పండి. జాబితా వెళ్ళేదాకా ఆరు వారాలు నేను నాలోనే ఉంచుకున్నాను. ఆ ఆరు వారాల్లో ఏ రోజైనా ఒక్క వాక్యం చాలేది.

చరోదాలో

పదవీ విరమణ చేసి వచ్చిన ఏడాదికి సింహాచలాన్ని వెతుక్కుంటూ చరోదా వెళ్ళాను. గూడ్సు షెడ్డు దగ్గర సిమెంటు బస్తాలు దించుతున్నాడని తెలిసింది. మధ్యాహ్నం వేళ ఇంటి దగ్గర దొరికాడు. మనిషి సగమయ్యాడు, జుట్టు మీద సిమెంటు పొడి.

"ఏటి హవల్దార్ బాబూ, ఇలాగొచ్చేరు? పైడీ, టీ పెట్టే" అన్నాడు. కోపం ఏమీ లేదు. అది ఇంకా కష్టమైంది.

టీ వచ్చేలోగా చెప్పేశాను. కొయ్య, తేమ, అరవై, అరవై ఆరు. అతనికి లెక్క వెంటనే అర్థమైంది. నాకంటే తొందరగా.

"అయితే ఖూంటాలు పోనేదా?"

"పోలేదు."

"నాకు తెలుసు కదా నాను తియ్యనేదని. మీకూ తెలుసనుకున్నాను" అని నవ్వాడు. "ఇన్నాళ్ళూ ఏటనుకున్నానంటే, బాబుకి తెలుసు, పోలీసోళ్ళ నుంచి కాపాడ్డానికి అలాగనమన్నారు, అని."

నా మొహంలోకి చూశాడు.

నవ్వు ఆగింది. "ఆ రోజు మీరు నన్ను దొంగనుకున్నారేటి?"

ఇంతదూరం వచ్చాక ఇంకో అబద్ధం చెప్పలేకపోయాను. "అనుకున్నాను" అన్నాను. "జూలైలో కాదని తెలిసింది. అప్పుడు కూడా చెప్పలేదు."

అతను తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "షెడ్డుకాడ వేగను పెట్టుంటారు. ఎల్తాను" అని లేచాడు. టీ తాగలేదు. వెళ్తూ భార్యతో, "బాబు ఏదో రాసిస్తారేమో, తీసుకో" అన్నాడు. నేనేమీ రాసిస్తానని అనలేదు. అతనికే తట్టింది.

పైడమ్మ గుమ్మంలో కూర్చుంది. కాగితం తీసి తెలుగులో రాశాను. మేకులు పోలేదని, తూకం నాదని, తప్పు నాదని, సింహాచలం ఏమీ తీయలేదని, వాంగ్మూలం నా సలహా మీద ఇచ్చాడని. ఇద్దరికీ చదువు రాదు, అందుకని పైకి చదివాను.

ఆవిడ మొత్తం విన్నది. "ఇప్పుడు నోటితో జులై అన్నారు కదా బాబూ, ఆ మాట ఇందులో నేదేటి?" అని అడిగింది.

లేదు. మర్చిపోయి వదిలింది కాదు. చెయ్యి అక్కడికి వచ్చి దాటేసింది, మేజరు గారి గదిలో మూడు మాటలు దాటేసినట్టే. కింద ఇంకో వాక్యం రాశాను: తప్పు నాకు జూలైలో తెలిసింది, జాబితా ఆగస్టులో వెళ్ళింది, మధ్యలో అడిగినప్పుడు కూడా నేను చెప్పలేదు. సంతకం చేసి మళ్ళీ చదవబోయాను.

"మాకెందుకు బాబూ సదవడం" అంది పైడమ్మ. "ఆడు దొంగ కాదని ఈ ఇంట్లో ఎప్పుడూ తెలుసు. తెల్దన్నది మీ డిపోలో. అక్కడ సదవండి."

కాగితం తీసుకోలేదు. నా చేతిలోనే ఉంచి లోపలికి వెళ్ళింది.

డిపోకు పంపాను. అందినట్టు ఒక కార్డు వచ్చింది, ఇంకేమీ రాలేదు. మేజరు గారు, తివారీ గారు ఇప్పుడు అక్కడ లేరు. సింహాచలం పేరు విన్నవాళ్ళు కూడా ఉండరు. అందుకని ఆ కాగితాన్ని ఇక్కడ, మీ ముందు చదువుతున్నాను. మీలో కొందరు ఆ షెడ్లలోనే చేరతారు. పాత పుస్తకాల్లో ఆ పేరు ఎదురై, పక్కన దొంగతనం అని కనిపిస్తే, అది తప్పని మీకు తెలిసి ఉండాలి.